గానపోషకులు శ్రీ బి. ఎన్. రెడ్డిగారు

కడపజిల్లాలో పులివెందుల సీమ మెట్టనేల. వాన కురిసిన యేట కొఱ్ఱయు జొన్నయు వేరుసెనగయు పండును. కురియని యేట దుమ్ము మాత్రమే మిగులును. ఇట్టి సీమలో గాదెలు నిండుట అరుదే గాని పాటకు ఎన్నడును కఱవు లేదు. తాళ్లపాక అన్నమాచార్యులవారు ఈ జిల్లావారే. కలుపు తీయు ఆడువారు మొదలు భజనగుడిలో చెక్కలు పట్టు ముసలివారి వఱకు అందఱి నోటను ఏదో యొక పదము మెదలుచుండును. ఆ సీమలో కొత్తపల్లె యను గ్రామమున 1908 నవంబరు 16వ తేదీన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు జన్మించిరి. బి. ఎన్. రెడ్డి యను పొట్టిపేరుతోనే లోకము వారిని ఎఱుగును.

చలనచిత్ర దర్శకులుగా వారి కీర్తి చెప్పనక్కఱలేనిది. కాని వారి జీవితమున తగినంతగా విచారింపబడని పార్శ్వమొకటి కలదు. రెడ్డిగారు సంగీత విద్వాంసులు కారు. సినిమాలో వారు పాడిన పాట లేదు. వారు కట్టిన వరుస లేదు. వ్రాసిన చరణము లేదు. అయినను వారి చిత్రములలోని పాటలకు ఒక ఇంటి పోలిక కలదు. పాడినవారు వేఱు, వరుస కూర్చినవారు వేఱు, వ్రాసినవారు వేఱు అయినప్పుడు ఆ పోలిక ఎక్కడిది? అన్నదమ్ముల ముఖములలో తల్లి పోలిక కనబడినట్లు, ఆ పాటలన్నిటిలో కనబడునది పాడని మనిషి పోలికయే.

వేదకర్మ నెఱిగినవారికి ఇది వింతగా తోచదు. యజ్ఞమున హోత ఋక్కులు చదువును. ఉద్గాత సామము పాడును. అధ్వర్యువు చేతిపని చూచును. నాలుగవవాడైన బ్రహ్మ నోరు మెదపక కూర్చుండి అంతయు వినుచుండును. ఎక్కడ స్వరము తప్పినను, ఎక్కడ క్రియ లోపించినను పట్టుకొని సరిదిద్దవలసిన భారము ఆతనిదే. నాలుగింటిలో అతి కష్టమైన స్థానము అదియే. చిత్రసంగీతమున నిర్మాతకు ఉండవలసిన స్థానము అట్టిదని గ్రహించిన తెలుగువారిలో రెడ్డిగారు మొదటివరుసలోనివారు.

వారు పుట్టిన 1908వ సంవత్సరముననే కలకత్తాలో గ్రామఫోను పళ్లెములను అచ్చువేయు కర్మాగారము వెలసెను. అంతకుముందు మన గాయకుల పాటలను మైనపు పలకలపై పట్టి, ఓడలో జర్మనీ దేశమునకు పంపి, అచ్చట అచ్చొత్తించి తెచ్చుచుండిరి. పాటను వస్తువుగా నిలిపి యుంచవలెనను తలపు మాత్రము ఈ జిల్లాకు క్రొత్తది కాదు. అన్నమాచార్యులవారి కుమారులు పెదతిరుమలాచార్యులు తండ్రిగారి సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమలకొండపై భద్రపఱచిరి. రెండువేలకు పైబడిన ఆ రేకులు నాలుగు శతాబ్దులు కొండపై నిలిచినవి. పల్లవి నిలిచినది, చరణములు నిలిచినవి, పైన రాగము పేరును నిలిచినది. కాని ఆచార్యులవారు దానిని ఏ నడకలో పాడిరో, ఏ మాటపై ఆగిరో రాగి చెప్పలేదు. రేకులు బయటపడిన పిమ్మట రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు ఆ పాటలకు క్రొత్తగా స్వరములు కూర్చవలసివచ్చెను. మాటను దాచుట వేఱు, గొంతును దాచుట వేఱు. ఆ రెండవ పని యంత్రముచేత సాధ్యమైన కాలమున రెడ్డిగారు పెరిగి పెద్దవారైరి.

బొమ్మిరెడ్డివారిది వ్యవసాయముతోపాటు వర్తకమును గల కుటుంబము. ఎర్రగడ్డలు మొదలగు సరకులను మద్రాసు రేవునుండి బర్మాకు ఎగుమతి చేయుచుండిరి. ఆ వర్తకము వలననే కుటుంబమునకు మద్రాసుతో సంబంధము కలిగెను. అన్నదమ్ములలో నాగిరెడ్డిగారు తరువాతి కాలమున విజయా సంస్థకును చందమామ పత్రికకును అధిపతులై దేశవిఖ్యాతులైరి. కొండారెడ్డిగారు ఛాయాగ్రాహకులైరి. నరసింహారెడ్డిగారు చదువు ముగించి జమాఖర్చుల పరిశోధన విద్యను నేర్చిరి. ఇది గమనింపదగిన సంగతి. ఇతరుల లెక్కలలో తప్పు ఎక్కడ ఉన్నదో వెదకుట ఆ విద్యకు ప్రాణము. తాను వ్రాయని పుస్తకమును తాను బాధ్యత వహించి చదువుట. తరువాత ఇతరుల పాటను వినుటలో ఆయన చూపిన ఓపికకు ఈ చదువు కొంత తోడ్పడియుండును. తమ్మునితో కలిసి మద్రాసులో బి. ఎన్. కె. ముద్రాక్షరశాలను నడపిరి. అచ్చుపనిలోను అదే కట్టడి: ఒక అక్షరము తప్పి యంత్రమెక్కెనా, వేయి ప్రతులలోను తప్పే.

తొలి తెలుగు టాకీయైన భక్తప్రహ్లాదకు దర్శకులు హెచ్. ఎం. రెడ్డిగారు. ఆయనతో కలిసి మన రెడ్డిగారు రోహిణీ సంస్థలో పాలుగొని 1938లో గృహలక్ష్మి చిత్రనిర్మాణమున పనిచేసిరి. ఆ చిత్రమునందే చిత్తూరు నాగయ్యగారు సినిమాకు వచ్చిరి. అచ్చటనే రెడ్డిగారికి ఛాయాగ్రాహకుడు రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ. కె. శేఖర్ పరిచితులైరి. తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామిగారి ధనసహాయముతో వీరందఱును కలిసి వాహినీ సంస్థను స్థాపించిరి. తాడిపత్రివారే యగు కె. వి. రెడ్డిగారు అందు లెక్కలు చూచుటకు వచ్చి, పిమ్మట దర్శకులై పాతాళభైరవి, మాయాబజారు వంటి చిత్రములను తీసిరి. కడప, అనంతపురము జిల్లాలవారు మద్రాసులో వెలిగించిన దీపము అది.

వారు పనిచేసిన కాలమున పాటను యంత్రమునకు ఎక్కించుట ఎట్లుండెనో తెలియనిచో వారి శ్రమ బోధపడదు. టాకీలు వచ్చిన క్రొత్తలో నటులే పాడవలసియుండెను. కెమెరా యెదుట నటుడు పాడుచుండగా, తెరలో కనబడని చోట, చెట్టు చాటుననో గోడ వెనుకనో హార్మోనియము, ఫిడేలు, తబలావారు కూర్చుండి వాయించెడివారు. నటుని తలపైన మైకు వ్రేలాడుచుండును. ఆతడు నాలుగు అడుగులు వేసిన మైకును వెంట నడవవలెను. అందుచేత పాటలో నటుడు కొయ్యబొమ్మవలె నిలిచిపోవుట ఆ కాలపు చిత్రములలో తఱచుగా చూచుచుందుము. పిమ్మట పాటను ముందే శాలలో ముద్రించి, ఆ ముద్రను సెట్టుపై మ్రోగించి, నటులు పెదవులు కదుపు పద్ధతి వచ్చినది. గొంతు ఒకరిది, ముఖము మఱియొకరిది యగుటకు అప్పుడు వీలు చిక్కెను.

శాలలో శబ్దము వెలుతురుగా మారుచుండెను. మైకు పట్టిన కంపనము విద్యుత్తై, ఆ విద్యుత్తు ఒక దీపకాంతిని క్షణక్షణము మార్చగా, పరుగెత్తు ఫిలిము అంచున ఆ కాంతి గీతలుగా పడును. ఫిలిము పరుగు నిమిషమునకు 90 అడుగులు. మూడు నిమిషముల పాటకు 270 అడుగులు. ఆ ఫిలిమును రసాయనములలో కడిగి ఆరబెట్టినగాని పాట ఎట్లు వచ్చినదో తెలియదు. తుడిచి మరల వ్రాయుటకు ఇది పలక కాదు. మూడవ చరణమున ఫిడేలువాడు ఒక స్వరము తప్పెనా, గాయని ఊపిరి చాలక మాట మ్రింగెనా, మొదటినుండి అందఱును పాడి వాయింపవలసినదే. 270 అడుగుల ఫిలిము నష్టమే. టేపు యంత్రములు మన దేశమున వ్యాపించినది 1950ల తరువాతనే. కనుక పాట ముద్రింపబడు దినమునకు ముందు ఎన్ని దినములు సాధన చేసిరను దానిపైననే అంతయు ఆధారపడియుండెను. కొందఱు నిర్మాతలు ఆ సాధన దినములను వ్యర్థవ్యయముగా నెంచిరి. రెడ్డిగారు వానినే అసలు పెట్టుబడిగా నెంచిరి.

మఱియొక చిక్కు కలదు. ఆ శాలలలో మైకులు ఒకటి రెండే. కనుక ఏ నాదము ఎంత వినబడవలెనను తూకమంతయు దూరముమీదనే నడచెను. గాయకుడు మైకునకు దగ్గఱగా నిలుచును. వేణువు కొంచెము ఎడముగా, ఫిడేళ్లు వాని వెనుక, మృదంగమో డోలకో దూరముగా కూర్చుండవలెను. పీట ఒక మూరెడు జరిపిన పాట రంగు మారును. శబ్దము మరీ హెచ్చినచో ఫిలిముపై గీత పగిలి బరబర మ్రోగును; మరీ తగ్గినచో ఫిలిము సహజముగా చేయు బుసలో మునిగిపోవును. ఈ రెండు గట్ల నడుమ పాటను పాఱించుట శబ్దగ్రాహకుని నేర్పు. పిమ్మట సంభాషణములు, పాట, ఇతర చప్పుళ్లు వేర్వేరుగా ఉన్న ముద్రలను ఒక్కటిగా కలుపుట, అనగా నేడు మిక్సింగు అని వ్యవహరించునది, ఇంకొక పరీక్ష. మన పల్లెలలో తోలుబొమ్మలాటవారు మద్దెలను ఎంత దూరమున పెట్టవలెనో, పాడు ఆడుమనిషి తెరకు ఎంత చేరువగా కూర్చుండవలెనో తరతరములుగా ఎఱిగినదే. శాస్త్రము పేరు మారినది గాని చెవి పని మారలేదు.

1939లో వాహినివారి మొదటి చిత్రము వందేమాతరము రెడ్డిగారి దర్శకత్వమున వెలువడెను. నాగయ్యగారు నాయకులై నటించి, పాడి, సంగీతమును కూడ తామే కూర్చిరి. 1940లో సుమంగళి, 1941లో దేవత వచ్చినవి. దేవుళ్ల కథలకు అలవాటుపడిన ప్రేక్షకులకు ఉద్యోగము దొరకని యువకుని కథ, వితంతు వివాహము కథ, వంచితయైన పనిపిల్ల కథ చెప్పిరి. ఇట్టి కథలలో పాట ఇముడుట కష్టము. నారదుడు పాడిన ఎవరును ఆశ్చర్యపడరు. పంచె కట్టుకొని వీథిలో నడచు మనిషి హఠాత్తుగా పాడిన నవ్వు పుట్టును. నాగయ్యగారి గొంతు ఆ చిక్కును తీర్చెను. మాటలాడుచు మాటలాడుచు పాటలోనికి జారిపోవు శక్తి ఆయనకుండెను. ఆ శక్తిని గుర్తించి తన చిత్రములకు మూలస్తంభముగా నిలుపుకొనుట రెడ్డిగారి ప్రజ్ఞ. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున వాహినివారే తీసిన భక్తపోతనలో నాగయ్యగారు పోతనగా ప్రసిద్ధులైరి. పోతన మా ఒంటిమిట్టవాడని పంతము పట్టు కడపవారికి ఆ చిత్రము ఎంత ప్రియమో వేఱుగ చెప్పనేల!

యుద్ధము ముదిరిన కాలమున ఫిలిము కఱవు వచ్చినది. చిత్రము 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. నిమిషమునకు 90 అడుగుల చొప్పున అది రెండు గంటల రెండు నిమిషముల లెక్క. అందులో 270 అడుగుల పాట యనగా నలుబదింట ఒక వంతు. అంతవఱకు పది పదునైదు పాటలు గ్రుచ్చి చిత్రమును సాగదీసినవారు తలపట్టుకొనిరి. కథలో పనిలేని పాట నిలువరాదను నియమము కఱవు వలన కొందఱికి తెలిసినది. రెడ్డిగారికి అది ముందే స్వభావము.

1945 నాటి స్వర్గసీమలో భానుమతిగారు నాటకములాడు మోహినిగా నటించి పాడిరి. ఆ చిత్రమున పావురమును సంబోధించు పాట దేశమంతట మ్రోగెను. ఒక ఆంగ్లచిత్రమున విన్న కూనిరాగము దానికి ప్రేరణమని ప్రసిద్ధి. పరదేశపు విత్తును తెచ్చి నాటుట తప్పు కాదు. మన మన్నులో మన నీటితో మొలిచినదా లేదా యన్నదే ప్రశ్న. ఆ పాటను ఆకాశవాణిలో పనిచేయుచున్న బాలాంత్రపు రజనీకాంతరావుగారు తెలుగు పలుకుబడికి ఒదిగించిరి. చిత్రమున సంగీతమునకు నాగయ్యగారు, ఓగిరాల రామచంద్రరావుగారు పనిచేసిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గొంతు నేపథ్యమున వినబడిన తొలి చిత్రములలో ఇది యొకటి. ఇన్ని చేతులు పడిన వంట ఒక్క రుచితో ఉండుట వంటయింటి పెద్దను తెలుపును.

యుద్ధానంతరము వాహినివారు మద్రాసు వడపళనిలో సొంత స్టూడియోను కట్టిరి. అదివఱకు ఇతరుల శాలలలో గంటల లెక్కన అద్దె ఇచ్చి పనిచేయవలసివచ్చెను. గడియారము చూచుచు పాడించిన పాట గడియారము చూచినట్లే యుండును. సొంత శాల ఉన్నచో ఒక పూట వృథాయైనను మరునాడు మరల కూర్చుండవచ్చును. తరువాత ఆ స్టూడియో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల నిర్వహణములోనికి వచ్చి విజయా వాహిని యను పేర వర్ధిల్లెను.

ఇక మల్లీశ్వరి. ఈ చరిత్రకు నడిబొడ్డు ఇది. వందేమాతరము తీయు దినములలో రెడ్డిగారు హంపికి పోయి విరూపాక్షుని గుడిని, కూలిన మంటపములను చూచిరి. అప్పుడు పడిన విత్తు పండ్రెండేండ్లకు పండినది. దత్తమండలములని ఇంగ్లీషువారు పెట్టిన పేరును విడనాడి, 1928లో నంద్యాలలో కూడిన సభలో ఈ నేలకు రాయలసీమ యను పేరు పెట్టుకొన్నారు. ఆ పేరులోని రాయలను తెరపై చూపుటకు ఈ సీమ బిడ్డయే పూనుకొనుట మనకు గర్వకారణము.

కథ చిన్నది. పల్లెటూరి బావామఱదళ్లు. బావ శిల్పి. మాఱువేషమున వచ్చిన రాయలవారితో వేళాకోళమునకు ఆడిన మాట నిజమై, మల్లికి పల్లకి వచ్చి, ఆమె అంతఃపురమున చిక్కుకొనును. దీనికి మాటలు, పాటలు వ్రాయుటకు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని రెడ్డిగారు సినిమాకు మొదటిసారిగా తెచ్చిరి. సంగీతమునకు సాలూరు రాజేశ్వరరావుగారు. ఆ వరుసలను వాద్యములకు పంచి కూర్చుటకు అద్దేపల్లి రామారావుగారు. పాడుటకు భానుమతి, ఘంటసాల. రామారావావుగారను కొన్నాళ్లు మనము మఱచితిమి గాని ఆయన పని చిన్నది కాదు. వరుస కట్టువాడు ఇల్లు గీసినవాడు. ఏ గోడకు ఏ ఱాయి, ఏ కిటికీ ఎంత తెఱవవలెనని తేల్చువాడు వాద్యములను పంచువాడు.

ఈ పాటలపై నెలల తరబడి పని జరిగెను. చిత్రము వినినవారు ఆ కాలము ఎక్కడ వ్యయమైనదో పోల్చుకొనగలరు. బావామఱదళ్లు సంతనుండి బండిలో మరలునప్పటి పాటలో ఎద్దుల పరుగే తాళము. మన ఊళ్లలో బండి తోలినవాడు ఆ పాట వినిన ములుకోల కొఱకు చేయి చాపును. జావళిలో రాజాస్థానపు నాట్యశాల కలదు. పల్లెపిల్లల ఆటపాటలో కొంటెతనము కలదు. ఉషాపరిణయమను యక్షగానమును చిత్రమున ఇమిడ్చి, మన వీథిభాగవతుల పూర్వులు రాయల కొలువున ఆడిన కాలమును స్ఫురింపజేసిరి. వాద్యములు ఎన్ని యున్నను గొంతుపై కప్పుకొనవు. మాట పలుకునప్పుడు ప్రక్కకు తొలగి, మాట ఆగినచోట ముందుకు వచ్చును. పెద్దల సభలో వినయముగల యువకుని నడవడి వంటిది.

ఆ నిగ్రహమునకు ఒక లౌకిక కారణమును కలదు. మద్రాసులో మంచి హాలులో విన్నట్లు మన పల్లెలో వినబడదు. డేరా హాలులో ప్రొజెక్టరు గరగర, వెనుక ఆయిలింజను డబడబ, సోడాబుడ్ల చప్పుడు, చంటిపిల్లల యేడ్పు. ఒకే యొక లౌడుస్పీకరు. అట్టి చోట నలుబది వాద్యములు ఒక్కుమ్మడిగా మ్రోగిన పాట ముద్దయైపోవును. ఖాళీ ఉంచిన పాట నిలుచును. ఏ శాలలో ముద్రించితిమన్నదానితోపాటు ఏ చోట వినబడునన్నదియు తలచినవాడే నిజమైన నిర్మాత. మల్లీశ్వరి పాటలు డేరాలోను మాటమాటయు తెలిసినవి. ఒక్కసారి విన్న పాలేరు మరునాడు మడక దున్నుచు పాడగలిగెను.

అన్నిటిలోను ఉత్తమమైనది మేఘమునకు చెప్పుకొను పాట. కాళిదాసు మేఘసందేశమున రామగిరిపై నిలిచిన యక్షుడు ఒక్కడే మాటలాడును. అలకాపురిలోని యక్షి మాట మనకు వినబడదు. ఆమె ఏమనుకొనుచున్నదో యక్షుడే ఊహించి చెప్పును. కృష్ణశాస్త్రిగారు ఆ కట్టుబాటును సడలించి ఇరువురిచేతను పాడించిరి. బావ యొకచోట, మల్లి అంతఃపురమున. ఒకరికొకరు కనబడరు, ఒకరి గొంతు మఱియొకరికి వినబడదు. వినునది మేఘము, మేఘముతోపాటు ప్రేక్షకుడు. వారు కథలో ఎక్కడను కలియలేని వేళ పాటలో మాత్రము కలిసియున్నారు. ఒక గొంతు విడిచిన చోట మఱియొకటి అందుకొనును. ఇది నాటకమున సాధ్యము కాదు. రంగముపై ఇరువురును పది అడుగుల దూరమున కనబడుదురు. కావ్యమునను సాధ్యము కాదు. అక్షరమునకు గొంతు లేదు. ధ్వనిముద్రణ యను విద్య పుట్టిన తరువాతనే, రెండు నాదములను ఒక్క ఫిలిము అంచున కలుపు వీలు చిక్కిన తరువాతనే, ఈ విరహము ఇట్లు చెప్పుటకు వలనైనది. యంత్రమును యంత్రముగా గాక కావ్యసాధనముగా వాడుట యనగా ఇదియే. మఱియొక సూక్ష్మము: భానుమతిగారు తమ పాత్రకు తామే పాడిరి; నాయకుడైన రామారావుగారికి ఘంటసాలవారు గొంతునిచ్చిరి. ఒక ముఖము సొంత గొంతుతోను, ఒక ముఖము అరువు గొంతుతోను కనబడుచున్నను, ఏది అరువో వినువానికి తోచకుండుట చూడుడు.

మల్లీశ్వరి 1951 డిసెంబరు 20వ తేదీన విడుదలయ్యెను. 1953లో చైనాదేశమున కూడ ప్రదర్శింపబడెను. తెలుగు తెలియనివారు ఆ పాటలను ఎట్లు గ్రహించిరో గాని ఆదరించిరి.

లెక్కలు నేర్చిన రెడ్డిగారికి లెక్కలు తెలియక కాదు. 1939 మొదలు 1969 వఱకు ముప్పది యేండ్లలో ఆయన దర్శకత్వము వహించిన కథలు పదునొకండే. స్వర్గసీమకును మల్లీశ్వరికిని నడుమ ఆఱేండ్లు. ఏటికి రెండు మూడు చిత్రములు తీయువారు ఆయన చుట్టునే యుండిరి. మల్లీశ్వరి పిమ్మట సైలస్ మార్నర్ అను ఆంగ్లనవల ఆధారముగా బంగారుపాప తీసిరి. దానికి సంగీతభారము అద్దేపల్లి రామారావుగారికే అప్పగించిరి. ఎస్. వి. రంగారావుగారి నటనకును చిత్రమునకును గొప్ప ప్రశంస వచ్చెను. డబ్బు మాత్రము తగినంత రాలేదు. కళకును పెట్టెకును ఉన్న ఈ తగవు ఆయనను కడవఱకు విడువలేదు. ఇందులో ఆయనది తప్పు లేదనరాదు. పరుల సొమ్ముతో నడచు పనిలో ఆలస్యము కూడ ఒక ఋణమే, వడ్డీ ఆగదు. ఆ సంగతి అందఱికంటె బాగుగ ఎఱిగియు, పాట పండువఱకు కోయనని పట్టుబట్టిరి. మామిడిని ఊదరబెట్టి మాగించి అమ్మువాడు ముందుగా లాభము చూచును. చెట్టుననే మాగనిచ్చువాడు గాలివానకు భయపడుచు కూర్చుండును. రెడ్డిగారు రెండవ జాతివారు.

1957లో భాగ్యరేఖ, 1960లో రాజమకుటము, 1964లో పూజాఫలము, 1966లో రంగులరాట్నము వచ్చినవి. పూజాఫలమున రాజేశ్వరరావుగారి సంగీతము మరల తోడయ్యెను. రంగులరాట్నమునకు ఆయనతో బి. గోపాలముగారు కూడ పనిచేసిరి. ఈ నడుమనే, 1963లో, కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసెను. డేరా రాని యేడాదిలో కూడ పంచాయతీ రేడియోనుండి వాహినివారి పాట వినుటకు పల్లెలకు వీలయ్యెను.

చివరి చిత్రము 1969 నాటి బంగారు పంజరము. దీనికి పాటలు వ్రాసిన కృష్ణశాస్త్రిగారు అప్పటికి గొంతు వ్యాధికి చికిత్స పొంది మాట పోగొట్టుకొనియుండిరి. ఎవరితో నేమి చెప్పవలసినను కాగితముపై వ్రాసి చూపవలసినదే. సాహితీసభలలో మాటతీరు చేతనే మనుష్యులను కట్టివేసిన కవి మూగవోయెను. గొంతు లేని కవి చరణములు వ్రాయగా, పాడని నిర్మాత వినుచు కూర్చుండగా, ఇతరులు పాడిరి.   చిత్రము ఆర్థికముగా నిలువలేదు.  ఆ తరువాత రెడ్డిగారు మఱి చిత్రము తీయలేదు.

1974లో భారతప్రభుత్వము వారిని పద్మభూషణునిగా గౌరవించెను. ఆ సంవత్సరమునకే దాదాసాహెబు ఫాల్కే పురస్కారము కూడ లభించెను. దక్షిణదేశమునుండి ఆ పురస్కారము పొందినవారిలో ప్రథములు వీరే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు పట్టము నిచ్చిరి. అదే 1974 ఫిబ్రవరిలో ఘంటసాలవారు కాలధర్మము నొందిరి. మేఘమును పిలిచిన రెండు గొంతులలో ఒకటి ఆగిపోయెను.

1977 నవంబరు 8వ తేదీన రెడ్డిగారు మద్రాసులో పరమపదించిరి. అరువదితొమ్మిది యేండ్లు నిండుటకు అప్పటికి ఎనిమిది దినములు కొఱత. కృష్ణశాస్త్రిగారు 1980లోను, రాజేశ్వరరావుగారు 1999లోను, నాగిరెడ్డిగారు 2004లోను, భానుమతిగారు 2005లోను గతించిరి. వడపళనిలోని ఆ స్టూడియో ఆవరణమున పెద్దభాగము నేడు ఆసుపత్రియు, అంగళ్ల భవనమును ఆక్రమించుకొన్నవి.